శోకస్మృతులు – అచ్చుపుస్తకములు



మా యూరు ఇబ్రహీంపట్నము. హైదరాబాదునుండి నాగార్జునసాగరమునకు పోవు త్రోవలో, రంగారెడ్డి జిల్లాలో నున్నది. ఊరి పేరును, ఊరి పెద్దచెరువును కుతుబ్‌షాహీ ప్రభువైన ఇబ్రహీము కాలమునాటివి. ఆయన 1550 మొదలు 1580 వరకు గోలకొండను పాలించెను. చెరువుకట్టపై నడచునప్పుడెల్ల నా కొక సంగతి తోచుచుండును. ఆ ప్రభువు పేరు నేటికిని మా నోళ్లలో నున్నది. ఆ కట్టకు మన్ను మోసినవారి పేరొక్కటియు మిగులలేదు. వారిలో నెందరు బిడ్డలను పోగొట్టుకొనిరో, ఎందరు ఆలుమగల నెడబాసి యేడ్చిరో చెప్పువారు లేరు. మన దుఃఖము పుస్తకమున కెక్కుట యెట్లు మొదలైనది? నేడు మనలో నొకడు ఆ పని చేయదలచినచో నెట్లు చేయవలయును? ఇదియే నా ప్రసంగవిషయము.

పుస్తకమునకు ముందు రాయి యున్నది. మన పల్లెల పొలిమేరలలో వీరగల్లులు మీరందరు చూచినవే. పోరున పడినవానికి ఊరివారు నిలిపిన గుర్తులవి. నల్లగొండ జిల్లా చందుపట్లలో 1289వ సంవత్సరపు శాసన మొకటి కలదు. పువ్వుల ముమ్మడి యను భటుడు రుద్రమదేవికిని, సేనాని మల్లికార్జున నాయనికిని పుణ్యముగా సోమనాథదేవునికి భూమి నిచ్చి దానిని వేయించెను. మహారాణి మరణకాలమును చరిత్రకారులు నిర్ణయించుటకు ఆ రాయియే ఆధారమైనది. ఒక సామాన్యభటుని విశ్వాసము చరిత్రకు మేలుచేసినది. రాతిపై చెక్కించువాడు మాటలను వృథాచేయలేడు. ప్రతి యక్షరమునకు ఉలిదెబ్బ కావలయును గదా! ఎవరు పోయిరి, ఎప్పుడు పోయిరి, వారిపేర నేమి చేసితిమి అను మూడు విషయములు చెప్పి ఊరకుండును. ఈ పొదుపును కాగితముపై వ్రాయువారు నేర్చుకొనదగును.

తరువాత తాటియాకుల కాలము. కావ్యమునకు కృతిపతి కావలయును. ఇబ్రహీము తెలుగుకవుల నాదరించిన ప్రభువు. అద్దంకి గంగాధరుడు తన తపతీసంవరణోపాఖ్యానమును ఆయనకే యంకితమిచ్చెను. కృతిపతి యిచ్చు మాన్యముచేత కవి జీవించును, కవి పలుకులచేత కృతిపతి జీవించును. ఇందులో గృహస్థుని కన్నీటికి చోటు తక్కువ. అతనికి మిగిలినది తద్దినము. ఆనాడు తండ్రి, తాత, ముత్తాత యని మూడుతరముల పేర్లు చెప్పుదుము. నాల్గవతరమునకు పోగానే ఆ పేరు నాలుకనుండి జారిపోవును.

అచ్చుయంత్రము వచ్చిన తరువాత ఈ స్థితి మారెను. ప్రభువు లేకున్నను, కాగితమునకును కూలికిని ధనము కూర్చుకొన్నవాడు తన మాటను తానే ప్రకటింపగలిగెను. ఇందుకు కందుకూరి వీరేశలింగము పంతులుగారి జీవితము మంచి నిదర్శనము. 1874లో వివేకవర్ధని పత్రికను మొదలుపెట్టినప్పుడు ఆయన దానిని మద్రాసులో నచ్చువేయించెను. ఆ దూరపు పనిలోని చిక్కులు చూచి, రాజమహేంద్రవరమున తానే ముద్రాశాలను పెట్టించెను. వ్రాయువాడును, దిద్దువాడును, అచ్చువేయించువాడును ఒక్కడే యయ్యెను.

ఆయనకు 1861లో రాజ్యలక్ష్మమ్మగారితో వివాహమైనది. 1881 డిసెంబరు 11వ తేదీన మొదటి వితంతువివాహము జరిపించిన దినములలో వంటవారును, నీళ్లు తెచ్చువారును ఆ యింటికి రాక మానిరి. అప్పుడామె తానే గోదావరినుండి నీళ్లు మోసి, తానే వంటచేసి పెండ్లి నడిపించెను. 1910 ఆగస్టు 11వ తేదీన ఆమె పరమపదించెను. నలుబదితొమ్మిదేండ్ల కాపురము ముగిసెను. పంతులుగారి స్వీయచరిత్రము మొదటిభాగము 1911లోను, రెండవభాగము 1915లోను వెలువడినవి. ఆ గ్రంథము భార్యావియోగముచేతనే పుట్టినదని నే ననను. అది సంఘసంస్కర్త యొక్క పనుల చరిత్ర. అయినను, బిందె మోసిన గృహిణి లేనిదే ఆ పనులు సాగియుండవు. ఆమె చేసిన పని చెప్పుటకంటె ఆమెకు వేరు స్మారకము కావలయునా? మరియొక సంగతి. పంతులుగారు 1919 మే 27వ తేదీన మద్రాసులో మరణించునాటికి కవులచరిత్రను సవరించుచునే యుండిరి. అచ్చైన పుస్తకమును మరల దిద్దుకొనుట ఆయనకు చిన్నతనము కాలేదు.

అందరును తమ దుఃఖమును తమ పేరనే వ్రాయలేదు. భండారు అచ్చమాంబగారు 1874లో జన్మించి 1905లో గతించిరి. ఇద్దరు బిడ్డలను పోగొట్టుకొన్న తల్లి. ఆమె ప్రసిద్ధ గ్రంథము తన కథ కాదు; అబలాసచ్చరిత్ర రత్నమాల యను పేర ఇతరస్త్రీల చరిత్రలను కూర్చెను. విశ్వనాథ సత్యనారాయణగారు తొలిభార్య పోయినప్పుడు ఆమె పేరనే వరలక్ష్మీ త్రిశతిని పద్యములలో చెప్పిరి. 1933లో మరణించిన కవి బసవరాజు అప్పారావుగారిని గూర్చి ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు వచనములో జ్ఞాపకములు వ్రాసిరి. ఆ పుస్తకము పేరు 'అప్పారావుగారూ నేనూ'. పోయినవారును, మిగిలినవారును ఇద్దరును ఆ పేరులోనే యున్నారు.

ఇంతవరకు పెద్దల మాట. ఇక నా యనుభవము నొక్కింత చెప్పుటకు సెలవిండు. నా భార్య కాలముచేసిన తరువాత నేను రెండేండ్లు నోటుపుస్తకములలో వ్రాసికొంటిని. నాలుగు పుస్తకములు నిండినవి. దానిని అచ్చువేయింపదలచి మా కుమార్తెకు చదువ నిచ్చితిని. ఆమె వారముదినములు చదివి, “నాయినా, గిండ్ల అమ్మ యాడున్నది? అంత నువ్వే ఉన్నవు” అనెను. నాకు కోపము వచ్చినది. ఆ రాత్రి ఎర్రసిరాకలముతో కూర్చుండి చూచితిని. ఆమె చెప్పినది నిజము. మొదటి పుస్తకమంతయు వైద్యులపైని కోపము, బంధువులపైని నిష్ఠూరము, విధిపైని నింద. ఆమె వండిన కూర లేదు, పాడిన పాట లేదు, ఆమె నవ్విన తీరు లేదు.

నేను కొట్టివేయుటకు మొదలుపెట్టితిని. బదులు చెప్పుటకు లేనివారిపై వేసిన నిందలు తీసివేసితిని. ఒకే యేడ్పు పదిచోట్ల నున్నచో ఒక్కచోట నుంచితిని. బంధువుల రహస్యములు వారి యనుమతి లేక ఉంచలేదు. కాని నా తప్పును మాత్రము చేర్చితిని. ఒకయేట చెరువులోనికి క్రొత్తనీరు వచ్చినది. ఆమె కట్టమీదికి పోయి చూతమనెను. రేపు పోదమంటిని. ఆ రేపు రాలేదు. ఆమె మంచమునుండి లేవలేదు. నాలుగు పుస్తకములలోను ఈ మాట లేదు. వ్రాయుటకు నాకే చేయి రాలేదు కాబోలు! అది చేరిన తరువాతనే మా కుమార్తె “ఇప్పుడు అమ్మ కనపడుతున్నది” అనెను. కావున సోదరులారా, సవరణ యనగా భాషాదోషములు దిద్దుట యొక్కటియే కాదు. దాచినది బయటపెట్టుట, అనవసరముగా బయటపెట్టినది తీసివేయుట. ఇంటిలో నొకరును, ఇంటికి వెలుపల నొకరును చదివి చెప్పినగాని ఆ పని తెమలదు.

ఇక పుస్తకరూపము. ముద్రాశాలలో పదునారు పుటలను ఒక ఫారమందురు. నా వ్రాత చివరకు ఆరు ఫారములు, అనగా 96 పుటలైనది. తొంబదియెనిమిది పుటలైనచో రెండు పుటలకై మరియొక ఫారము వేయవలసివచ్చెడిది. డెమ్మీ ఎనిమిదవవంతు పరిమాణము చేతికి నిండుగా నుండును. మన లిపికి పైన గుడులు, క్రింద వత్తులు ఉండుటచే వరుసల నడుమ ఎడము చాలకున్నచో అవి యొకదానికొకటి తగులును. వృద్ధులు చదువవలసిన పుస్తకమున అక్షరము పెద్దదిగా నుండుట మర్యాద. పటము లొకటి రెండు చాలును. నేను అట్టమీద ఆమె పటము వేయక, లోపల వేసి, అట్టమీద పేరుమాత్రము వ్రాయించితిని. చేతిలో పట్టుకొని తిరుగునప్పుడు ఆమె ముఖముపై ఎవరి చాయగ్లాసో పెట్టబడుట నాకిష్టము లేకపోయినది.

అచ్చుప్రతిని ముమ్మారు చదివితిని. అయినను దెబ్బ తప్పలేదు. ఆమె మరణించిన తేదీలో 6 ఉండవలసినచోట 9 పడినది. ఆ పుటపై నేను సంతకముచేసి పంపితిని; తప్పు నాది. మూడువందల ప్రతులు మూటలుగా ఇంటికి వచ్చిన తరువాత చూచితిని. ఆ తేదీ నేను మరువగలదియా? మరువలేనిది గనుకనే, పుటపై నున్నది చూడక మనస్సులో నున్నదే చదువుకొంటిని. తేదీలు, పేర్లు మాత్రము పరాయివానిచేత చదివింపుడు. మూడువందల ప్రతులను నేను చేతితో దిద్దితిని. నాలుగు దినములు పట్టినది. ప్రతియొక్క పుస్తకమున ఆ తేదీని నా చేతితో వ్రాయుచుండగా, మూడవనాటికి నా చేయి వణకుట మానినది.

పుస్తక మచ్చైన తరువాత దానికొక చోటు కావలయును. గ్రంథసంఖ్యను ఢిల్లీలోని రాజా రామమోహనరాయ్ సంస్థవారు రుసుము లేకయే ఇత్తురు. దరఖాస్తు వ్రాత ప్రకాశకుడే పెట్టుకొనవచ్చును. 1954వ సంవత్సరపు గ్రంథసమర్పణ చట్టముననుసరించి కలకత్తా జాతీయగ్రంథాలయము మున్నగు నిర్ణీతగ్రంథాలయములకు ప్రతులను పంపవలయును. ఇది భారమని తలంపకుడు. మన యింటివారి పేరు దేశపు భాండారమున చేరును. హైదరాబాదులో 1901లో స్థాపితమైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వంటి గ్రంథాలయమునకును, మీ యూరి బడికిని ఒక్కొక్క ప్రతి నిండు. మిగిలినవి సంవత్సరీకమునాడు వచ్చిన బంధువుల చేతిలో పెట్టుడు. అమ్మి లాభము పొందవలెనను కోరికతో ఈ పనికి దిగకుడు. మీ శక్తికి మించి ప్రతులు వేయింపకుడు. నూరు ప్రతులు చదువబడుట, వేయి ప్రతులు అటుకపై చెదలు పట్టుటకంటె మేలు.

పెద్దలారా! మనలో ననేకులు “మా బ్రతుకులో వ్రాయదగినదేమున్నది?” అందురు. చందుపట్ల భటుడును అట్లే తలంచియున్నచో మనకు రుద్రమదేవి మరణకాలము తెలిసెడిది కాదు. వ్రాయలేనివారు మనుమలకు చెప్పి వ్రాయింపుడు. మొదట ఎవరు, ఎప్పుడు, వారేమి చేసిరి అనునవి వ్రాయుడు; ఏడ్పు దానంతట నదియే వచ్చును. వ్రాసినదానిని ఒక యేడు పెట్టెలో నుంచి, తరువాత తీసి దిద్దుడు. మా యింట ఇప్పుడు తద్దినమునాడు మంత్రమైన తరువాత మనుమరాలు ఆ పుస్తకమునుండి ఒక పుట చదువును. పోయినయేడు ఆమె చదివినది చెరువుకట్ట పుట. విని మేమందరము సాయంకాలము కట్టమీదికి పోయితిమి.