నలుగుపిండి నుంచి సీరం వరకు: భారతీయ చర్మసంరక్షణ పరిశ్రమలో వాణిజ్య పరివర్తనలు

వ్యాససంగ్రహం

ఇరవయ్యో శతాబ్ది ఆరంభం నుంచి నేటి వరకు భారతదేశంలో చర్మసంరక్షణ వస్తువుల ఉత్పత్తి, విక్రయం, ప్రచారం అనేక దశలను దాటాయి. స్వదేశీ సబ్బులు, తెల్లబరచే క్రీములు, చిన్న ప్యాకెట్లు, అంతర్జాల విపణి ఈ క్రమంలోని ముఖ్యమైన మలుపులు. వస్తువులో ఏమున్నదో చెప్పగల అధికారం ఒక్కొక్క మలుపులో ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి మారిన తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది. నయాసినమైడ్ అనే ఒకే పదార్థం 1975లో ఒక పేరుతోను, 2020 తర్వాత మరొక పేరుతోను విపణిలో నిలిచిన వైనాన్ని ప్రధాన ఉదాహరణగా తీసుకుంటుంది.

కీలకపదాలు: నలుగుపిండి, స్వదేశీ సబ్బు, ఫెయిర్ అండ్ లవ్లీ, చిన్న ప్యాకెట్లు, వర్ణవివక్ష, నయాసినమైడ్.

1. ఉపోద్ఘాతం

తెలుగునాట చర్మసంరక్షణ చాలాకాలం వంటింటికి, పెరటికి చెందిన విద్య. పెసలు, శనగపప్పు, కచ్చూరాలు, బావంచాలు, వట్టివేళ్లు ఎండబెట్టి విసిరిన సున్నిపిండి, ఒంటికి పట్టించే నువ్వులనూనె, ముఖానికి పసుపు దీనికి సాధనాలు. పెళ్లిలో నలుగు పెట్టడం, పండుగనాటి తలంటు ఈ విద్యకు సామాజిక రూపాలు. ఈ వ్యవస్థకు ఒక ప్రత్యేకత ఉన్నది. పిండిలో ఏ దినుసు ఎంత పడిందో దాన్ని విసిరినవారికి తెలుసు. పసిబిడ్డకు ఏది పనికిరాదో, ఎవరి ఒంటికి ఏది పడదో ఇంటి పెద్దామె నిర్ణయించేది.

అయితే ఈ గతాన్ని నిర్దోషమైనదిగా భావించనవసరం లేదు. "మంచి రంగు", "రంగు తక్కువ" అనే మాటలు క్రీములు రాకముందే పెళ్లిచూపుల్లో ఉన్నాయి. పరిశ్రమ వర్ణవివక్షను కనిపెట్టలేదు. ఉన్నదానికి ధర కట్టి, నెలనెలా కొనే వస్తువుగా మార్చింది. అందువల్ల ఈ పరిశ్రమ చరిత్రను వస్తువుల చరిత్రగానే కాక వాగ్దానాల చరిత్రగా కూడా చదవవలసి ఉన్నది.

2. స్వదేశీ దశ: సబ్బు, స్నో

మొదటి ప్రపంచయుద్ధకాలంలో మైసూరు సంస్థానపు చందనానికి విదేశీ విపణి మూతపడింది. ఆ కొయ్య నుంచి సంస్థానంలోనే తైలం తీసే ప్రయత్నం 1916లో మొదలై, ఆ తర్వాత మైసూర్ శాండల్ సబ్బుకు దారితీసింది. నాలుగో కృష్ణరాజ ఒడెయరు పాలన, దివాను మోక్షగుండం విశ్వేశ్వరయ్య పారిశ్రామిక దృష్టి దీనికి నేపథ్యం. కలకత్తాలో ఖగేంద్రచంద్ర దాస్ స్థాపించిన కలకత్తా కెమికల్ కంపెనీ వేపను ఆధారం చేసుకొని మార్గో సబ్బును తెచ్చింది. గోద్రెజ్ సంస్థ జంతువుల కొవ్వు లేని సబ్బును స్వదేశీ భావనతో ప్రచారం చేసింది. బొంబాయిలో 1919లో ఇ.ఎస్. పటన్‌వాలా ఆరంభించిన అఫ్గాన్ స్నో ముఖానికి రాసుకొనే క్రీమును మధ్యతరగతి అద్దాల ముందుకు తెచ్చింది.

ఈ దశలో వస్తువుకు ప్రామాణ్యం ఇచ్చింది దేశీయత. చందనం, వేప వంటి పరిచిత ద్రవ్యాలే సీలు వేసిన పెట్టెలోకి చేరాయి. ఎక్కడ తయారైంది, ఏ కొవ్వు వాడారు అన్న ప్రశ్నలకు జవాబు చెప్పడమే ప్రచారంగా సాగింది.

తెలుగు పాఠకులను పేరున్న సీసాకు అలవాటు చేయడంలో పత్రికల పాత్ర కూడా గమనార్హం. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనాన్ని ఆరంభించి, 1908లో ఆంధ్రపత్రికను స్థాపించారు. మద్రాసులో లోధ్ర అనే స్త్రీల ఔషధాన్ని తయారుచేసిన డా. కె.ఎన్. కేసరి 1928లో గృహలక్ష్మి మాసపత్రికను ప్రారంభించారు. ఇవి సౌందర్యసాధనాలు కావు. కాని చేతితో నూరుకొనే మందుకు బదులు ముద్రిత నామాన్ని నమ్మి కొనడం అనే అలవాటును తెలుగు ఇళ్లలో పెంచినవారిలో వీరు ముందువరుసలో ఉన్నారు. తర్వాత వచ్చిన సౌందర్య వ్యాపారం ఆ దారినే నడిచింది.

3. స్వాతంత్ర్యానంతరం: లాక్మే

స్వాతంత్ర్యం వచ్చిన తొలి ఏళ్లలో విదేశీ మారకద్రవ్యం విలువైన వనరు. దిగుమతి అయ్యే సౌందర్యసాధనాలకు దేశీయ ప్రత్యామ్నాయంగా 1952లో టాటా సంస్థ లాక్మేను నెలకొల్పింది. లక్ష్మి అనే పేరుకు ఫ్రెంచి రూపమే లాక్మే. 1961లో ఈ సంస్థలో చేరి, 1982లో అధ్యక్షురాలైన సిమోన్ టాటా నాయకత్వంలో అది దేశంలో ప్రముఖ సౌందర్యసాధనాల సంస్థగా ఎదిగింది. అలంకరణ చేసుకొనే స్త్రీని సందేహంగా చూసే సమాజంలో ఆ వస్తువులకు గౌరవం కల్పించడం దాని ముందున్న సవాలు.

1991 ఆర్థిక సంస్కరణల తర్వాత విదేశీ సంస్థలకు ద్వారాలు తెరుచుకున్నాయి. 1994లో సుస్మితాసేన్, ఐశ్వర్యారాయ్ విశ్వసుందరి, ప్రపంచసుందరి కిరీటాలు గెలవడం ఆ విపణికి అనుకూలించింది. టాటాలు 1998 నాటికి లాక్మేను హిందుస్థాన్ లీవర్‌కు అప్పగించి, దృష్టిని చిల్లర దుకాణాల వ్యాపారం వైపు మళ్లించారు. దిగుమతులను తగ్గించడానికి పుట్టిన సంస్థ బహుళజాతి సంస్థ అనుబంధ శాఖ చేతికి చేరడం ఆ దశాబ్దపు ఆర్థికగతికి నిదర్శనం.

4. తెలుపు వాగ్దానం, చిన్న ప్యాకెట్ విప్లవం

హిందుస్థాన్ లీవర్ 1975లో విపణిలోకి తెచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ ఈ చరిత్రలో అతిపెద్ద మలుపు. దాని ప్రధాన క్రియాశీల పదార్థం నయాసినమైడ్, అంటే బి3 విటమిన్ రూపాలలో ఒకటి. చర్మపు పైకణాలకు వర్ణద్రవ్యం చేరే ప్రక్రియను ఇది కొంత మందగింపజేస్తుంది. ఎండను అడ్డుకొనే ద్రవ్యాలు దానికి తోడయ్యాయి. అయితే అమ్ముడైంది విటమిన్ కాదు, తెలుపు. ప్రచారచిత్రాలలో రంగు తక్కువైన అమ్మాయి క్రీము రాసుకొని ఉద్యోగాన్ని, వరుణ్ణి, తండ్రి మెప్పును పొందేది. గొట్టంలో ఏమున్నదన్న ప్రశ్న వెనక్కి వెళ్లి, అది ఏమి తెచ్చిపెడుతుందన్నది ముందుకు వచ్చింది.

ఈ వాగ్దానాన్ని పల్లెకు చేర్చిన సాధనం మరొకటి. తమిళనాడులోని కడలూరుకు చెందిన చిన్ని కృష్ణన్ షాంపూ వంటి ద్రవాలను చిన్న ప్యాకెట్లలో నింపి అమ్మవచ్చునని చూపారు. ఆయన కుమారుడు సి.కె. రంగనాథన్ 1983లో 15,000 రూపాయల పెట్టుబడితో చిక్ షాంపూ ఆరంభించి, ఆ పద్ధతిని దక్షిణాది పల్లెల్లో విస్తరింపజేశారు. రోజుకూలీ డబ్బుతో సరుకు కొనే కుటుంబం సీసా కొనలేదు. ఒక్కసారికి సరిపడే ప్యాకెట్ కొనగలదు. కిరాణాకొట్టు ముందు తోరణంలా వేలాడే ఆ ప్యాకెట్లు కుంకుడుకాయ స్థానాన్ని క్రమంగా ఆక్రమించాయి. క్రీములు కూడా అదే రూపం ధరించాయి. రంగనాథన్ సంస్థ 1998లో కుంకుమపువ్వు, పాల పేరుతో ఫెయిరెవర్‌ను విడుదల చేయగా, 2005లో ఇమామీ సంస్థ పురుషుల కోసం ఫెయిర్ అండ్ హ్యాండ్సమ్‌ను తెచ్చింది.

ఇదేకాలంలో తెలుగు విపణి మరొక అంశాన్ని వెల్లడించింది. విప్రో సంస్థ 1980ల మధ్యలో ఆరంభించిన సంతూర్ సబ్బు పసుపు, చందనాల కలయికను ఆధారం చేసుకున్నది. నలుగు జ్ఞాపకం బలంగా ఉన్న తెలుగు ప్రాంతం దానికి గట్టి స్థావరమైంది. పిండి విసిరే తీరిక పోయినా దానిమీద నమ్మకం పోలేదు. ఆ నమ్మకాన్ని సబ్బు రూపంలో తిరిగి అమ్మగలిగినవారు నిలదొక్కుకున్నారు.

5. ప్రతిఘటన, చట్టం

తెలుపు వాగ్దానం నిరాటంకంగా సాగలేదు. అఖిల భారత ప్రజాస్వామిక మహిళా సంఘం చేసిన ఫిర్యాదుల ఫలితంగా 2003లో కొన్ని ప్రచారచిత్రాల ప్రసారం నిలిచింది. చెన్నై కేంద్రంగా 2009లో "డార్క్ ఈజ్ బ్యూటిఫుల్" ఉద్యమం మొదలైంది. నటి నందితా దాస్ దానికి మద్దతు పలికారు. చామనచాయను లోపంగాను, దుఃఖకారణంగాను చూపరాదని ప్రకటనల ప్రమాణాల మండలి 2014లో మార్గదర్శకాలు ఇచ్చింది.

అంతకంటె తీవ్రమైన సమస్య దుకాణాల బల్లల మీద ఉన్నది. స్టెరాయిడ్ కలిసిన చర్మలేపనాలు వైద్యుని చీటీ లేకుండానే తెల్లబడే క్రీములుగా వాడుకలోకి వచ్చాయి. వాటివల్ల చర్మం పలచబడటం, ఎర్రబారటం, మొటిమలు, ముఖంపై రోమాలు పెరగటం వంటి హాని కలుగుతుంది. మానితే మంట, వాడితే హాని అన్న స్థితికి రోగి చేరుతాడు. చర్మవైద్యుల సంఘం దీర్ఘకాలం కోరిన మీదట 2018లో ఇటువంటి స్టెరాయిడ్లను షెడ్యూల్ హెచ్ పరిధిలోకి తెచ్చారు. లోపల ఏమున్నదో తెలియని వస్తువును నమ్మినందుకు చెల్లించిన మూల్యం ఇక్కడ ప్రత్యక్షంగా కనిపిస్తుంది.

6. 2020 తర్వాత: పదార్థమే పేరు

అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్ హత్యానంతరం ఎగసిన జాతివివక్ష వ్యతిరేక నిరసనల నేపథ్యంలో 2020 జూన్‌లో హిందుస్థాన్ యూనిలీవర్ "ఫెయిర్" అనే మాటను తొలగిస్తున్నట్లు ప్రకటించింది. జూలైలో ఆ క్రీము గ్లో అండ్ లవ్లీ అయింది. ఒక ప్రముఖ వివాహసంబంధాల వెబ్‌సైటు చర్మపు రంగు ఆధారంగా వెదికే సౌకర్యాన్ని అదే వేసవిలో తీసివేసింది. తెలుపు స్థానంలోకి కాంతి వచ్చింది. అర్థం ఎంత మారిందన్నది వినియోగదారుల మనసులో తేలవలసిన విషయం.

ఇంతలో విక్రయస్థలం మారింది. ఫల్గుణీ నాయర్ 2012లో స్థాపించిన నైకా సౌందర్యసాధనాలను అంతర్జాలంలోకి విస్తృతంగా తెచ్చి, 2021 నవంబరులో స్టాక్ మార్కెట్‌లో నమోదయింది. 2016లో ఆరంభమైన మామాఎర్త్ మాతృసంస్థ 2023 నవంబరులో అదే మార్గం పట్టింది. దుకాణదారుని సిఫారసుకు బదులు ఫోనులోని సమీక్షలు, చర్మవైద్యుల వీడియోలు కొనుగోలును నడిపించసాగాయి. ఈ వాతావరణంలోనే 2020లో జైపూర్ కేంద్రంగా మినిమలిస్ట్ అనే సంస్థ పుట్టింది. దాని సీసాల మీద వాగ్దానం కంటె ముందుగా కనిపించేది పదార్థం పేరు, దాని శాతం. వాటిలో నయాసినమైడ్ సీరం ఒకటి. 2025 జనవరిలో హిందుస్థాన్ యూనిలీవర్ ఈ సంస్థలో 90.5 శాతం వాటాను కొనుగోలు చేస్తున్నట్లు ప్రకటించింది. ఒప్పందం విలువ సుమారు 2,700 కోట్ల రూపాయలు.

ఈ ఘటనలో అర్ధశతాబ్దపు చరిత్ర ఇమిడి ఉన్నది. 1975లో తెలుపు అనే పేరు కింద దాగి అమ్ముడైన పదార్థం యాభై ఏళ్ల తర్వాత తన సొంత పేరుతో అదే సంస్థ గూటికి చేరింది. మారింది రసాయనం కాదు. దాన్ని కొనేవారిని ఒప్పించే భాష మారింది.

7. ముగింపు

దినుసుల జ్ఞానం మొదట ఇంటిలో ఉండేది. స్వదేశీ దశలో దానికి దేశం పూచీపడింది. తెల్లక్రీముల కాలంలో ఆ జ్ఞానం కర్మాగారానికి పరిమితమై, వినియోగదారునికి వాగ్దానమే మిగిలింది. నేడు శాతాల రూపంలో అది తిరిగి వస్తున్నది. దీనిని సంపూర్ణ పునరాగమనంగా భావించలేము. సున్నిపిండి విసిరిన స్త్రీకి పాళ్లు మార్చుకొనే స్వేచ్ఛ ఉండేది. సీరం కొన్నవారికి చదివే అవకాశం మాత్రమే ఉన్నది. అదికూడా అంతర్జాలం, ఇంగ్లీషు, కొనుగోలుశక్తి ఉన్నవారికే. చిన్న ప్యాకెట్ మీద చీమతలలంత అక్షరాల్లో ముద్రించిన పదార్థాల జాబితా తెలుగు మాత్రమే చదవగల కొనుగోలుదారుకు ఇప్పటికీ అందనిదే.

కాబట్టి "ఫెయిర్" అన్న మాట పోవడంతో ఈ చరిత్రలో ఒక అధ్యాయం ముగిసిందని నిర్ధారించడం తొందరపాటు. ప్యాకెట్ మీది మాటలు ఎవరి భాషలో ఉన్నాయి, పెళ్లిచూపుల్లో "రంగు" అన్న మాట ఇంకా ఎందుకు వినిపిస్తున్నది అన్న ప్రశ్నలు సామాజిక చరిత్రకారుల ముందు మిగిలే ఉన్నాయి. తెలుగు పత్రికల పాత ప్రకటనలు, వివాహ ప్రకటనలు, ఇళ్లలోని మౌఖిక సాక్ష్యాలు ఇటువంటి అధ్యయనానికి విస్తారమైన ఆకరాలు కాగలవు.