చద్ది, సద్ది, ఉప్పు

తెలుగువాళ్లలో ఎవరిది ఏ ప్రాంతమో పట్టుకోవాలంటే పెద్ద పరిశోధన అక్కర్లేదు, పొద్దున ఏం తిన్నారని అడిగితే చాలు. రాత్రి మిగిలిన అన్నం ఒకరికి చద్దన్నం, ఇంకొకరికి సద్దన్నం, మరొకరికి ఉట్టి సద్ది. అందులో పోసుకునేది కొందరికి చల్ల, కొందరికి సల్ల. శ్రీకాకుళం వైపు చేపలు సేపలు, చింతపండు సింతపండు. తెలంగాణ పల్లెల్లో అవే చేపలు శాపలు. గిన్నెలో ఉన్నది ఒకటే, పలికే తీరే వేరు. ఇంతవరకూ పేచీ లేదు. చకారం ఉన్నది 'భాష', సకారం ఉన్నది 'యాస' అయిపోయిన చోట పేచీ మొదలవుతుంది. సద్ది అన్నందుకు క్లాసులో ఒకసారి నవ్వులపాలైన పిల్ల, మర్నాటి నుంచి ఇంటికో మాట, బడికో మాట పెట్టుకుంటుంది. కొన్నాళ్లకి ఇంట్లో మాట కూడా మారిపోతుంది.

ఇంతకీ ఆ 'అసలు' చకారం ఏది? మనం ఒకే అక్షరంతో రాసే చ నిజానికి రెండు ధ్వనులు. చింతపండు, చేప, చిక్కుడు అన్నప్పుడు నాలుక అంగిలి వైపు వెళ్తుంది. చారు, చల్ల, చద్ది అన్నప్పుడు పళ్ల దగ్గర ఆగుతుంది. చిన్నయ సూరి బాలవ్యాకరణం వీటిని తాలవ్యం, దంత్యం అని విడదీసింది. 1852లో వచ్చిన సి.పి. బ్రౌన్ నిఘంటువు కూడా ఈ తేడా చూపించింది. దంత్య చకారం మీద చిన్న గుర్తు పెట్టి ౘ అని రాసే పద్ధతి ఒకటి ఉండేది, రోజువారీ రాతలో అది నిలవలేదు. 2008లో యూనికోడ్ 5.1 ఆ అక్షరానికి చోటిచ్చింది. అయినా ఇవాళ ౘారు అని టైప్ చేసేవాళ్లు ఎంతమంది? 'రాసినట్టే పలకాలి' అని పట్టుబట్టేవాళ్లు కూడా చారు దగ్గర ఆ నియమం పాటించడం లేదన్నమాట.

చద్ది మాటనే ఇంకొంచెం వెనక్కి తీసుకెళ్దాం. పోతన భాగవతంలో కృష్ణుడూ గోపబాలకులూ కూర్చుని ఆరగించినవి చల్దులు. ఆ చల్ది అరిగి చద్ది అయింది, చద్ది అరిగి సద్ది అయింది. మొదటి అరుగుదలని ఎప్పుడో మర్చిపోయాం. రెండోదాన్ని మాత్రం ఇంకా తప్పు కింద లెక్కేస్తున్నాం.

చ కాస్తా స కావడం నోటి బద్ధకం అనేవాళ్లు తమ కంచంలో ఉప్పు వైపు ఒకసారి చూడాలి. బస్తర్ ప్రాంతపు పర్జీ భాషలో ఉప్పుని చుప్ అంటారు. ఆదిలాబాద్ వైపు కొలామీలో సుప్. గోండీలో మాండలికాన్ని బట్టి సోవర్, హోవర్, ఓవర్. తెలుగులో, తమిళంలో, కన్నడంలో ఉప్పు. వీటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూసిన భాషావేత్తలు, మూల ద్రావిడంలో ఈ మాట చకారంతో మొదలయ్యేదని తేల్చారు. మన ఆరు అంకె గోండీలో సారుంగ్ కావడం కూడా ఇలాంటిదే. గోండీ మాండలికాల్లో స మొదట హ అయి, తర్వాత పూర్తిగా జారిపోయిన క్రమం మీద భద్రిరాజు కృష్ణమూర్తి 1998లో ప్రత్యేకంగా ఒక పరిశోధన వ్యాసం ప్రచురించారు.

ఇందులో వింతేమీ లేదు. చ పలకాలంటే నాలుక గాలిని ఒక్క క్షణం పూర్తిగా ఆపి వదలాలి. ఆపకుండా ఒరుసుకుంటూ పోనిస్తే స. నాలుక పని ఇంకా తగ్గితే హ. అదీ పోతే మిగిలేది అచ్చు మాత్రమే. ఆ లెక్కన ఉప్పు అనే మనమంతా ఆ దారి చివరికి ఎప్పుడో చేరిపోయాం. సద్ది, సల్ల అనేవాళ్లు వేరే మాటల్లో అదే దారిలో ఒక్క అడుగు వేశారు.

పక్క రాష్ట్రానికి వెళ్తే ఇదే మార్పుకి మర్యాద దొరుకుతుంది. మన చారు కన్నడంలో సారు. బెంగళూరు హోటల్లో సారు అని అడిగితే ఎవరూ నవ్వరు, మనం కూడా బుద్ధిగా సారు అనే అంటాం. సంస్కృతంలో చణకం, మన పాఠ్యపుస్తకంలో శనగ. చకారం లేదని శనగని ఎవరూ దిద్దరు. చక్కెరది ఎదురు దారి. సంస్కృతంలో అది శర్కర, మన పుస్తకాల్లో చక్కెర, హైదరాబాద్‌లో ఫార్సీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చిన శక్కర్. మూలానికి దగ్గరగా ఉండటమే శుద్ధత అయితే ఇక్కడ గెలిచేది శక్కర్.

అంటే ఏది శుద్ధమో తేల్చింది ధ్వని కాదు, చోటు. గిడుగు రామమూర్తి తదితరుల పోరాటంతో వాడుక భాష పుస్తకాల్లోకి వచ్చింది. కానీ అలా ప్రామాణికమైన వాడుకలో పెద్ద వాటా కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల్లో చదువుకున్నవాళ్ల మాటది. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం తెచ్చింది. రైతుల నోటి నుంచి వ్యవసాయ పదాల్ని జిల్లాలవారీగా సేకరించిన పని అది. ఒక రూపాన్ని గద్దె మీద కూర్చోబెట్టి మిగతావాటిని దాని వికారాలుగా చూడటం కాకుండా, ఏ మాట ఎక్కడ బతికుందో చూపించింది.

సద్ది విషయంలో ఈ మధ్య ఇంకో మలుపు వచ్చింది. 2014లో బతుకమ్మ తెలంగాణ రాష్ట్ర పండుగ అయింది. చివరి రోజు సద్దుల బతుకమ్మ. పెరుగు, చింతపండు, నిమ్మ, కొబ్బరి, నువ్వులతో సద్దులు కలిపి నైవేద్యం పెడతారు. ఇప్పుడు పత్రికలు రాసేదీ, టీవీల్లో చదివేదీ సద్దుల బతుకమ్మ అనే. చద్దుల బతుకమ్మ అని దిద్దే ధైర్యం ఎవరికీ లేదు. ధ్వని మారలేదు, దాని వెనక ఒక రాష్ట్రం నిలబడింది. శ్రీకాకుళం సేపలకి ఆ అండ లేదు, అందుకే అవి సినిమాల్లో నవ్వించడానికే ఎక్కువ పనికొస్తున్నాయి.

నిఘంటువులన్నీ ఇప్పుడు డేటాబేసులు అవుతున్నాయి. రేపు ఫోన్లు మన మాట వినేది ఆ డేటాతోనే. అక్కడ "సద్ది: చూ. చద్ది" అని ఒక లైను రాయడం తేలిక. రెండిటికీ సమానమైన ఎంట్రీలిచ్చి, పక్కన ప్రాంతం పేరు రాసి, రెండిటినీ ఒకే అర్థానికి కలపడానికి పెద్దగా ఎక్కువ కోడ్ పట్టదు. మొదటి పద్ధతిలో సద్ది అన్న మనిషిని మెషీన్ దిద్దుతుంది. రెండో పద్ధతిలో ఆ మనిషి ఏం తిన్నాడో దానికి అర్థమవుతుంది.