కాలేజీలో మీ మెంటర్ ఎవరో తెలుసుకోండి

మన బడి నుంచి కాలేజీకి వెళ్లే పిల్లల్లో చాలామంది ఇంట్లో డిగ్రీ చదివేది వాళ్లే మొదలు. అమ్మ బీడీలు చుడుతుంది, నాన్న సాంచాల మీద ఉంటాడు. ఏటీకేటీ అంటే ఏమిటో ఇంట్లో ఎవర్ని అడగాలి? ఆ ప్రశ్న మెంటర్‌ను అడగాలి.

యూజీసీ 2019లో ‘దీక్షారంభ్’ పేరుతో ఇచ్చిన సూచనల్లో, కొత్త విద్యార్థులను చిన్న జట్లుగా చేసి ఒక్కో జట్టును ఒక అధ్యాపకునికి అప్పగించమంది. కాలేజీలను మదింపు చేసే నాక్ కూడా ఒక్కో మెంటర్ కింద ఎంతమంది ఉన్నారని అడుగుతూ వచ్చింది. కాబట్టి 2004లో ఏర్పడిన మన సోలాపూర్ విశ్వవిద్యాలయం పరిధిలోనైనా, పుణెలోనైనా, చాలా కాలేజీల్లో మీ పేరు ఎవరో ఒక సార్ జాబితాలో ఉండే ఉంటుంది. ఆ జాబితా ఫైల్లోనే ఉండిపోయే కాలేజీలూ ఉన్నాయి, అది వేరే సంగతి. మొదటి వారంలోనే సార్ పేరు, కలిసే వేళ అడిగి రాసుకోండి.

కొన్నిచోట్ల పై తరగతి విద్యార్థే కొత్తవాళ్లకు తోడుంటాడు. తెలుగు మీడియం నుంచి మరాఠీ, ఇంగ్లీషు పాఠాల్లోకి వెళ్లినవాళ్లకు నా దృష్టిలో ఇదే ఎక్కువ పనికొస్తుంది: సార్‌ను అడగడానికి సిగ్గుపడే మాట అన్నను, అక్కను అడగొచ్చు కదా.

తల్లిదండ్రులారా, సబ్జెక్టు పోయిందని పిల్లలు చెబితే తిట్టి సాంచాల మీదికి పంపకండి. పోగు తెగితే అతుకుతాం గానీ బట్ట పారేయం. ముందు వాళ్లను వెంటబెట్టుకొని మెంటర్‌ను కలవండి. మరాఠీ తడబడినా ఫరవాలేదు; మార్కుల కాగితం, స్కాలర్‌షిప్ ఫారం పట్టుకెళ్లండి.