జూదానికి పిలిచే మాట



అజ్ఞాన కాలపు అరబ్బులు ఒంటెను కోసి, గుర్తులున్న బాణాలు తీసి, మాంసపు వాటాలు తేల్చుకునేవారు. ఆ జూదమే మైసిర్. గెలిచినవారు ఆ మాంసాన్ని బీదలకు పంచి గొప్పలు చెప్పుకునేవారు. సూరా బఖరా 219వ ఆయత్ జూదంలోని ప్రయోజనాన్ని కాదనలేదు. పాపం అంతకన్నా పెద్దదన్నది. సూరా మాయిదా 90, 91 ఆయత్‌లు దానిని పూర్తిగా నిషేధించి, అది పగను రేపుతుందనీ, నమాజుకు దూరం చేస్తుందనీ హెచ్చరించాయి. బీదల ఆకలి తీర్చిన జూదమే హరామైనప్పుడు, స్నేహితుల సరదాకు మినహాయింపు ఎక్కడిది?

మన నగరానికీ ఈ చరిత్రలో భాగమున్నది. నిజాం ప్రభుత్వం 1305 ఫస్లీలోనే జూదంపై చట్టం చేసింది. ఆ చట్టం కింద సికింద్రాబాదులోని ఒక క్లబ్బుపై నడిచిన కేసులో, 1967లో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యపు ఆటగా పరిగణించింది. 2017లో తెలంగాణ ప్రభుత్వం పందెపు రమ్మీకి ఉన్న మినహాయింపును తొలగించి, ఆన్‌లైన్ జూదాన్నీ నిషేధించింది.

అయినా ఉప్పల్, నాచారం ప్రాంతాల యువకులకు గోవా దారి తెరిచే ఉన్నది. అక్కడ మాండవీ నదిపై తేలే కేసినోలలో పాచికలకూ పేకకూ అనుమతి ఉన్నది. సరిహద్దు దాటితే రాష్ట్ర చట్టం మారుతుంది. అల్లాహ్ ఆజ్ఞ మారదు.

దైవప్రవక్త (సఅసం) పాచికలాడేవానిని పంది రక్తమాంసాలలో చేయి ముంచినవానితో పోల్చారు. “రా, జూదమాడుదాం” అని మిత్రుని పిలిచినవాడు దానం చేయాలని ఆదేశించారు. ఆడకముందే, అన్న మాటకే పరిహారం! కేసినో ప్రయాణం మొదలయ్యేది ఆ మాటతోనే. కనుక మనం ఆ పిలుపు పలకకుందాం. విన్నప్పుడు మిత్రుని ఆపుదాం. మన ఇండ్లను హలాల్ సంపాదనతో నిలబెట్టమని అల్లాహ్‌ను వేడుకుందాం. ఆమీన్.