మాంట్రియల్‌కు రాత్రి రైలు

యూరప్‌లో దేశాల హద్దులు దాటే రాత్రి రైళ్లకు విత్తనం పడింది అమెరికాలో. బెల్జియం యువకుడు జార్జ్ నాగెల్‌మాకర్స్ 1860ల చివర్లో అమెరికా వచ్చి, జార్జ్ పుల్‌మాన్ నడుపుతున్న స్లీపర్ పెట్టెలను చూసి వెళ్లాడు. ఇంటికి వెళ్లి ఆయన స్థాపించిన వాగన్-లీ కంపెనీయే 1883లో ఓరియంట్ ఎక్స్‌ప్రెస్‌ను పట్టాలెక్కించింది. విశాఖలో సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి తెల్లారేసరికి హైదరాబాద్‌లో దిగే మనకు రాత్రి రైలు నిత్యజీవితంలో భాగం. ఆ పద్ధతి పెరిగిన అమెరికాలోనే అది దాదాపు అంతరించిపోవడం ఆలోచించవలసిన విషయం.

పుల్‌మాన్ పెట్టెల్లో పగటి సీట్లే రాత్రికి పడకలయ్యేవి. పై బెర్తు కప్పులోంచి కిందికి దిగేది. దాదాపు ఏ రైల్వే కంపెనీ మార్గంలోనైనా పుల్‌మాన్ పెట్టెలే తిరిగేవి. 1920లలో రోజూ దాదాపు లక్షమంది వాటిలో నిద్రించేవారు. పక్కలు పరిచి, బూట్లు తుడిచి, స్టేషను రాకముందే ప్రయాణికుల్ని నిద్రలేపే పోర్టర్లు దాదాపు అందరూ నల్లజాతివారే. ప్రయాణికులు వారిని సొంత పేరుతో కాక యజమాని పేరుతో ‘జార్జ్’ అని పిలిచేవారు. 1925లో ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వంలో వారు సంఘం కట్టారు. కంపెనీ చేత ఒప్పందం మీద సంతకం పెట్టించడానికి పన్నెండేళ్లు పట్టింది. 1955లో వర్ణవివక్షకు వ్యతిరేకంగా సాగిన మాంట్‌గొమరీ బస్సుల బహిష్కరణకు వెన్నుదన్నుగా నిలిచిన ఇ.డి. నిక్సన్ పుల్‌మాన్ పోర్టరే. వెల్వెట్ పరదాలను, వెండి చెంచాలను వర్ణించి ఈ మనుషులను వదిలేసే చరిత్ర అసంపూర్ణం.

రాత్రి రైళ్ల పతనానికి కారణాలు చెప్పమంటే 1956 నాటి రహదారుల చట్టాన్ని, 1958లో ప్రయాణికులతో ఎగిరిన బోయింగ్ 707ను చూపిస్తారు. అది నిజమే. కానీ తపాలా సంగతి మరవకూడదు. రైలు ఖర్చులో మంచి భాగాన్ని ప్రయాణికులతోపాటు సాగే తపాలా పెట్టె భరించేది. నడిచే బండిలోనే గుమాస్తాలు ఉత్తరాలు వేరుచేసేవారు. 1967లో తపాలా శాఖ ఈ పెట్టెల ఒప్పందాలను చాలావరకు రద్దు చేసుకుంది. అదే డిసెంబరులో న్యూయార్క్-షికాగోల మధ్య పేరుమోసిన ట్వంటియత్ సెంచురీ లిమిటెడ్ ఆగిపోయింది. 1968తో పుల్‌మాన్ కంపెనీ స్లీపర్ సేవలూ ముగిశాయి.

దేశపు హద్దు దాటే బండ్లలో ముఖ్యమైనది మాంట్రియలర్. పలు రైల్వే కంపెనీలు కలిసి 1924లో దీన్ని మొదలుపెట్టాయి. వాషింగ్టన్ నుంచి న్యూయార్క్ మీదుగా కనెక్టికట్ నది లోయ పట్టుకుని, వెర్మాంట్ కొండలు దాటి కెనడాలోకి వెళ్లేది. అమెరికాలో మద్యనిషేధం ఉన్న ఆ రోజుల్లో మాంట్రియల్ ఉన్న క్విబెక్‌లో మద్యం చట్టబద్ధంగా దొరికేది కాబట్టి ఈ దారికి గిరాకీ బాగానే ఉండేది. 1966లో బండి ఆగింది. ప్రయాణికుల రైళ్లను ప్రభుత్వపు ఆమ్‌ట్రాక్ సంస్థ 1971లో చేపట్టింది. మరుసటి ఏడే మాంట్రియలర్ తిరిగి వచ్చింది. దానిలో పియానో వాయించే పబ్ పెట్టె కూడా ఉండేది.

ఈ పునర్జన్మకు గండం పట్టాల రూపంలో వచ్చింది. వెర్మాంట్‌లో బ్రాటిల్‌బరో, విండ్సర్ మధ్య సుమారు 49 మైళ్ల మార్గం బోస్టన్ అండ్ మేన్ కంపెనీది. మరమ్మతు లేక అది పాడైపోవడంతో 1987 ఏప్రిల్‌లో బండిని ఆపేశారు. ఆమ్‌ట్రాక్ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. చట్టమిచ్చిన అధికారంతో, అంతర్రాష్ట్ర వాణిజ్య కమిషన్ ఉత్తర్వుతో ఆ మార్గాన్ని స్వాధీనం చేసుకుని సెంట్రల్ వెర్మాంట్ రైల్వేకు అప్పగించింది. 1989 జులైలో బండి మళ్లీ నడిచింది. ఆ స్వాధీనంపై వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా సాగి, 1992 మార్చిలో ఆమ్‌ట్రాక్‌కు అనుకూలంగా తీర్పు వచ్చింది. కోర్టులో గెలిచిన ఆ బండి బడ్జెట్ దగ్గర ఓడింది: నిధుల కోతల్లో 1995 ఏప్రిల్ 1 నుంచి రద్దయింది. వెర్మాంట్ రాష్ట్రం సొమ్ము పెట్టడం వల్ల దాని స్థానంలో వెర్మాంటర్ అనే పగటి రైలు వచ్చింది. అది హద్దుకు ఇవతల సెయింట్ ఆల్బన్స్‌లోనే ఆగిపోతుంది.

ఆటో ట్రెయిన్ కథ ఇంకోలా నడిచింది. కార్లనూ వాటి యజమానులనూ కలిపి వర్జీనియాలోని లార్టన్ నుంచి ఫ్లారిడాలోని శాన్‌ఫర్డ్‌కు రాత్రికి రాత్రి చేర్చే ఈ బండిని 1971లో ఒక ప్రైవేటు కంపెనీ మొదలుపెట్టింది. అది దివాలా తీసి 1981లో ఆగితే, 1983లో ఆమ్‌ట్రాక్ చేపట్టి నేటికీ నడుపుతోంది. యూరప్‌లోనూ జర్మన్ రైల్వే 2016లో వదిలేసిన రాత్రి రైళ్లలో కొన్నిటిని ఆస్ట్రియా ప్రభుత్వ రైల్వే అందుకుని నైట్‌జెట్ పేరుతో విస్తరించింది. ఈ అనుభవాలన్నీ చూశాక నాకు తోచేది ఒకటే: ప్రయాణికుల కోరిక ఒక్కటే రాత్రి రైలును బతికించలేదు. ఖర్చును ఏళ్ల తరబడి భరించడానికి ఏదో ఒక ప్రభుత్వ సంస్థ ఒప్పుకోవాలి.

మాంట్రియల్ దారి విషయానికొస్తే, సరిహద్దు తనిఖీలను మాంట్రియల్ స్టేషనులోనే ముగించే వీలు కల్పిస్తూ అమెరికా, కెనడాలు 2015లో ఒప్పందం చేసుకున్నాయి. 2019లో అది అమల్లోకి వచ్చింది. వెర్మాంటర్ మాత్రం ఇంకా సెయింట్ ఆల్బన్స్ దాటడం లేదు.