గిఫ్ట్ కార్డు అమ్మే చిన్న దుకాణదారులు తెలుసుకోవాల్సిన రూల్స్

నర్సాపూర్: రంజాన్‌లో పిల్లలకు ఈదీ, పెళ్లిలో కొత్త జంటకు చదివింపులు. ఇలాంటి సందర్భాల్లో నగదు కవర్‌కు బదులు ఇచ్చే గిఫ్ట్ కార్డును మాల్స్ మాత్రమే అమ్మాలని ఏమీ లేదు. నర్సాపూర్‌లాంటి పట్టణంలోని చిన్న బట్టల దుకాణం కూడా అమ్మవచ్చు. కాకపోతే కొన్ని హద్దులు ఉన్నాయి.

ఆర్‌బీఐ అనుమతి ఎప్పుడు కావాలి?

ఈ విషయంలో ముఖ్యమైనవి రెండు: 2007 నాటి పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టం, దాని కింద 2021 ఆగస్టు 27న ఆర్‌బీఐ ఇచ్చిన ఆదేశాలు. కార్డు మీ దుకాణంలోనే చెల్లుతూ, దానిపై నగదు తిరిగి ఇవ్వకపోతే ఆర్‌బీఐ అనుమతి అక్కర్లేదు.

చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. అన్నది బట్టల షాపు, తమ్ముడిది చెప్పుల షాపు అనుకుందాం. ఇల్లు ఒక్కటే అయినా వ్యాపారాలు వేరు. అన్న అమ్మిన కార్డు తమ్ముడి షాపులో చెల్లితే మినహాయింపు పోతుంది. అనుమతి తెచ్చుకుందామన్నా, బ్యాంకు కాని సంస్థకు దరఖాస్తు చేసేనాటికే కనీసం 5 కోట్ల రూపాయల నికర విలువ ఉండాలి. కాబట్టి ఎవరి కార్డు వారిదిగానే ఉంచుకోవడం మేలు. రెండు షాపులూ ఒకే సంస్థ బ్రాంచీలైతే ఇబ్బంది లేదు.

జీఎస్టీ ఎప్పుడు కట్టాలి?

కార్డు అమ్మిన రోజు కాదు, దానిపై సరుకు ఇచ్చిన రోజు. 2024 డిసెంబర్ 21న జైసల్మేర్‌లో జరిగిన 55వ జీఎస్టీ కౌన్సిల్ సమావేశం తర్వాత, డిసెంబర్ 31 నాటి సర్క్యులర్‌లో కేంద్రం ఈ సంగతి తేల్చింది. వోచర్ అమ్మకం సరుకు అమ్మకం కాదు, సేవా కాదు. ఎవరూ వాడకుండా గడువు తీరిపోయిన కార్డు సొమ్ముపైనా జీఎస్టీ లేదు.

ఉదాహరణకు 2,000 రూపాయల కార్డుతో కస్టమర్ అదే ధర డ్రెస్సు కొంటే, ఆ రోజు బిల్లు రాసి, ఆ డ్రెస్సుకు వర్తించే రేటు ప్రకారం పన్ను చూపాలి.

రాష్ట్రం సంగతి కూడా గుర్తుంచుకోవాలి. 2019లో సరుకుల వ్యాపారానికి రిజిస్ట్రేషన్ పరిమితిని కేంద్రం 40 లక్షలకు పెంచినా, తెలంగాణ 20 లక్షల టర్నోవర్ దగ్గరే ఉండిపోయింది. పక్క రాష్ట్రంలోని బంధువుల లెక్క ఇక్కడ పనికిరాదు.

కార్డు మీద ఏం రాయాలి?

నంబరు, విలువ, అమ్మిన తేదీ, చివరి తేదీ, మిగిలిన బ్యాలెన్స్ మళ్లీ వాడుకోవచ్చా లేదా అన్నది కొనేవారికి అర్థమయ్యే భాషలో రాయండి. ఆర్‌బీఐ అనుమతితో వచ్చే కార్డులకు కనీసం ఏడాది గడువు ఉండాలి. మీ సొంత కార్డుకు ఆ రూల్ నేరుగా వర్తించకపోయినా ఏడాది ఇవ్వడమే న్యాయం. అమ్మిన ప్రతి కార్డునూ ఒక రిజిస్టర్‌లో రాసుకోండి. సరుకు ఇచ్చేదాకా ఆ డబ్బు లాభం కాదు, కస్టమర్‌కు మీరు బాకీ. దాన్ని అద్దెకో జీతాలకో వాడేస్తే, పండుగ రోజు కార్డులన్నీ ఒకేసారి వచ్చినప్పుడు సరుకుకు పెట్టుబడి ఉండదు.

లక్కీ డ్రా జోలికి పోవద్దు

నెలనెలా వాయిదాలు వసూలు చేసి, డ్రాలో పేరు వచ్చినవారికి బహుమతి ఇచ్చే స్కీములను 1978 నాటి ప్రైజ్ చిట్స్ నిషేధ చట్టం అడ్డుకుంటుంది. దానికి గిఫ్ట్ కార్డు అని పేరు పెట్టినంత మాత్రాన తప్పించుకోలేరు.

కొనేవారికి

కార్డుతో పాటు రసీదు అడిగి తీసుకోండి. చెల్లే కార్డును దుకాణదారు కాదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కూ వెళ్లవచ్చు. అక్కడ 5 లక్షల రూపాయల వరకు కేసులకు ఫీజు లేదు.