బర్కిలీలో మొదలైన కథ: అత్యాచార బాధితులకు సర్కారు సాయం

(రేడియో ప్రసంగ పాఠం)

ఇవాళ మాట్లాడుకోబోయే విషయం కాస్త బరువైనది. చిన్నపిల్లలు పక్కనుంటే ఓ పావుగంట వేరే గదిలో ఆడుకోమనండి.

లైంగిక అత్యాచారానికి గురైన వాళ్ళు ఈ దేశంలో అర్ధరాత్రి ఫోన్ చేసినా పలికే వాళ్ళున్నారు. ఆసుపత్రికి తోడు వచ్చేవాళ్ళు, కోర్టులో పక్కన కూర్చునేవాళ్ళు ఉన్నారు. వీళ్ళలో చాలామంది ప్రభుత్వోద్యోగులు కారు, చిన్న చిన్న స్వచ్ఛంద సంస్థల మనుషులు. ఆ సంస్థలు ప్రభుత్వానికి దరఖాస్తు పెట్టుకుని, పోటీలో నెగ్గి, ఒప్పందం మీద ఈ పని చేస్తాయి. నేను కంప్యూటర్ కన్సల్టెంటుని. సర్కారు టెండర్లకి జవాబులు రాయడం మా వృత్తిలో మామూలే. కానీ ఈ సేవల కోసం వేసే ప్రకటనలు చదువుతుంటే ఒకటి అనిపిస్తుంది. అందులో ఉన్న ఒక్కో షరతు వెనక ఎవరో పడ్డ కష్టం ఉంది. ఆ కష్టాల్లో ఒకటి మన తెలుగు పిల్లలది కూడా.

కథ కాలిఫోర్నియాలోని బర్కిలీలో మొదలవుతుంది. 1971లో అక్కడ ఒక హైస్కూలు అమ్మాయి మీద అత్యాచారం జరిగింది. పోలీసులు, ఆసుపత్రి వాళ్ళు ఆ పిల్లతో ప్రవర్తించిన తీరు చూసి ఊళ్ళో ఆడవాళ్ళకి కడుపు మండింది. "బే ఏరియా విమెన్ ఎగైన్‌స్ట్ రేప్" అనే సంస్థ పెట్టారు. దేశంలో ఇలాంటి మొట్టమొదటి కేంద్రాల్లో అదొకటి. మరుసటి ఏడు వాషింగ్టన్‌లో ఇంకోటి వచ్చింది. వాళ్ళ దగ్గర డబ్బు లేదు. ఉన్నదల్లా ఒక ఫోను, వంతులవారీగా దాని దగ్గర కూర్చునే మనుషులు. పోలీసు రిపోర్టు ఇచ్చినా ఇవ్వకపోయినా బాధితురాలి పక్కన నిలబడటం వాళ్ళు పెట్టుకున్న నియమం. ఇవాళ్టి ఒప్పందాల్లో కనపడే ఒక ముఖ్యమైన షరతు ఇలా పుట్టింది.

మరి డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చింది? 1984లో అధ్యక్షుడు రీగన్ హయాంలో నేర బాధితుల చట్టం వచ్చింది. దాని కింద ఒక నిధి ఏర్పడింది. ఇందులో ముఖ్యంగా చెప్పుకోవలసింది ఏమిటంటే, ఈ నిధిలోకి వెళ్ళేది మనం కట్టే పన్ను డబ్బు కాదు. ఫెడరల్ కోర్టుల్లో నేరస్తులు కట్టే జరిమానాలు. పెద్ద పెద్ద కంపెనీలు, బ్యాంకులు తప్పుచేసి కట్టే డబ్బు కూడా ఇందులోకే. మొదటి ఏడాది, అంటే 1985లో, దీంట్లో పడింది 6 కోట్ల 80 లక్షల డాలర్లు. ఈ నిధి నుంచి ఒక్కో రాష్ట్రానికి కనీసం 5 లక్షల డాలర్లు, ఆపైన జనాభాని బట్టి ఇస్తారు. రాష్ట్రం దరఖాస్తులు పిలిచి సంస్థలకి పంచుతుంది. లైంగిక అత్యాచార బాధితులకి ఇంత, పిల్లలకి ఇంత, ఇంతవరకూ సాయం అందని వర్గాలకి ఇంత అని తలా పదోవంతు తప్పనిసరిగా కేటాయించాలి.

ఆ "సాయం అందని వర్గాల"లో మనమూ ఉన్నాం. 1985లో న్యూజెర్సీలో "మానవి" మొదలైంది. దక్షిణాసియా స్త్రీల కోసం ఈ దేశంలో పుట్టిన మొదటి సంస్థ అది. 1989లో న్యూయార్క్‌లో "సఖి", 1991లో బే ఏరియాలో "మైత్రి", 1992లో బర్కిలీలో "నారిక" వచ్చాయి. పేర్లు చూశారా? ఫోన్ పట్టుకోవడానికి జంకే ఆడదానికి, ఇవతల ఉన్నది మనవాళ్ళే అని ఆ పేరే చెప్తుంది.

ఇప్పుడు మళ్ళీ బర్కిలీకే వద్దాం. 1999 నవంబరు 24న అక్కడ ఒక అపార్ట్‌మెంటులో కార్బన్ మోనాక్సైడ్ పీల్చి ఒక తెలుగు అమ్మాయి చనిపోయింది. వయసు పదిహేడు. చెల్లెలు బతికి బయటపడింది. ఆ ఇల్లు లకిరెడ్డి బాలిరెడ్డిది. కృష్ణా జిల్లా వెల్వడం నుంచి వచ్చి, వెయ్యికి పైగా అద్దె ఇళ్ళు సంపాదించిన మనిషి. మైలవరంలో ఆయన పేరున్న ఇంజినీరింగ్ కాలేజీ మనలో చాలామందికి తెలుసు. దొంగ కాగితాలతో ఊరి నుంచి పేదపిల్లల్ని రప్పించారనీ, మైనర్లని లైంగికంగా వాడుకున్నారనీ కేసు నడిచింది. 2001లో ఆయన నేరం ఒప్పుకున్నారు. 97 నెలల జైలు, 20 లక్షల డాలర్ల పరిహారం విధించారు. ఈ సంగతిని మొదట పత్రికకెక్కించింది బర్కిలీ హైస్కూలు విద్యార్థుల పత్రిక అన్నది కూడా గుర్తుంచుకోవలసిన మాటే.

ఆ పిల్లలకి వచ్చింది తెలుగు ఒక్కటే. వాళ్ళు చెప్పింది ఇంగ్లీషులోకి సరిగ్గా వచ్చిందా లేదా అన్నది కోర్టులో పెద్ద తగువైంది. ఒక్కసారి ఆలోచించండి. పరాయి దేశం, పాస్‌పోర్టులో వేరే పేరు, చుట్టూ ఉన్న తెలుగువాళ్ళంతా యజమానికి తెలిసినవాళ్ళే. అలాంటి పిల్ల ఎవరితో చెప్పుకుంటుంది? ఆ కేసు తర్వాతే బే ఏరియాలో దక్షిణాసియా యువత "అలయన్స్ ఆఫ్ సౌత్ ఏషియన్స్ టేకింగ్ యాక్షన్" అనే సంఘం కట్టి వీధిలోకి వచ్చింది.

కేసు నడుస్తుండగానే, 2000 ఆగస్టులో అధ్యక్షుడు క్లింటన్ ఒక ఉత్తర్వు ఇచ్చారు. ఫెడరల్ డబ్బు తీసుకునేవాళ్ళు ఇంగ్లీషు రానివాళ్ళకి వాళ్ళ భాషలో సేవ అందేలా చూడాలని దాని సారాంశం. అదే ఏడు అక్టోబరులో మనుషుల అక్రమ రవాణా బాధితుల చట్టం వచ్చింది. బాధితులు దేశంలో ఉండటానికి ప్రత్యేక వీసా, వాళ్ళకి సాయం చేసే సంస్థలకి గ్రాంట్లు ఆ చట్టంతోనే వచ్చాయి. ఇక 2006 జనవరిలో సంతకమైన మహిళల చట్టం లైంగిక అత్యాచార బాధితుల సేవలకే ప్రత్యేకంగా ఒక ఫెడరల్ పద్దు తెరిచింది. అందులో పదోవంతు, తమ తమ భాషా సంస్కృతుల వాళ్ళకి సేవచేసే సంస్థలకే. ఆ చట్టంలోనే ఇంకో షరతు ఉంది. బాధితురాలు తెలిసి, రాతపూర్వకంగా, గడువు పెట్టి ఒప్పుకుంటే తప్ప ఆమె పేరు, వివరాలు బయట పెట్టకూడదు.

ఈ షరతు విలువ తెలుగువాళ్ళకి వేరే చెప్పాలా! మన ఊళ్ళలో గుడీ, సంక్రాంతి సంబరాలూ, ఆఫీసు కార్‌పూలూ అన్నీ ఒకే నలభై కుటుంబాలు. ఒక చోట అన్న మాట సాయంత్రానికి ఇంకో చోటికి చేరుతుంది. ఎంత మంచి మనసున్న సంఘమైనా ఈ విషయంలో బాధితురాలికి ఇవ్వలేని భరోసా ఈ ఒప్పందం ఇస్తుంది. మనం గట్టిగా పట్టుకోవలసింది ఇదే.

దరఖాస్తు ఎలా అంటారా? ముందు లాభాపేక్ష లేని సంస్థగా నమోదు, సర్కారు ఇచ్చే గుర్తింపు సంఖ్య, ఆడిట్ లెక్కలు కావాలి. ఇప్పటికే సేవ చేస్తున్నట్టు చూపించాలి, కొత్తవాళ్ళయితే బయటి ఆదరణ ఉన్నట్టు చూపించాలి. చాలాచోట్ల ముందు ఖర్చుపెట్టి తర్వాత బిల్లు పెట్టుకోవాలి, కాబట్టి చేతిలో కొన్ని నెలల డబ్బుండాలి. అందుకే చిన్న సంస్థలు పెద్ద కేంద్రంతో కలిసి, తెలుగు, హిందీ వంటి భాషల పని తాము చూసుకుంటామని భాగస్వాములుగా చేరడం మేలు. నేర బాధితుల నిధి నుంచి వచ్చే గ్రాంటుకి మామూలుగా ఐదోవంతు సంస్థే సమకూర్చుకోవాలి. అయితే వలంటీర్లు పనిచేసిన గంటలకి వెలకట్టి అందులో చూపించవచ్చు. అంటే శనివారం మీరు ఫోను దగ్గర కూర్చున్న నాలుగు గంటలు కూడా లెక్కలోకి వస్తాయన్నమాట. కాలిఫోర్నియాలో 40 గంటల శిక్షణ తీసుకుంటే సలహాదారుగా చట్టం గుర్తిస్తుంది. బాధితురాలు మీతో చెప్పుకున్న మాటలకి కోర్టులో రక్షణ ఉంటుంది.

చివరగా ఒక హెచ్చరిక. ఈ డబ్బు ఎప్పుడూ ఒక్కలా ఉండదు. నిధి నుంచి ఏటా ఎంత తీయాలో కాంగ్రెస్ పరిమితి పెడుతుంది. అది 2018లో 440 కోట్ల డాలర్లు దాటింది. 2024కి 135 కోట్లకి పడిపోయింది. కంపెనీలు విచారణ లేకుండా రాజీపడి కట్టే సొమ్ము ఈ నిధికి రాకుండా పోవడం ఒక కారణం. 2021లో చట్టం మార్చి దాన్ని కొంత సరిచేశారు. 2025 మార్చిలో క్లింటన్ భాషా ఉత్తర్వుని రద్దు చేశారు. 1964 పౌరహక్కుల చట్టం మాత్రం అలాగే ఉంది. ఏప్రిల్‌లో న్యాయశాఖ వందల గ్రాంట్లు మధ్యలోనే ఆపేసింది. అలా జరిగినప్పుడు తెలుగులో పలికే ఆ ఒక్క ఉద్యోగమే ముందు పోతుందేమోనన్నది నా భయం.

2017 నాటికే ఈ దేశంలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు నాలుగు లక్షలు దాటారు. ఇంతమందిలో శిక్షణ తీసుకుని, నోరు కట్టుకుని, ఫోను ఎత్తగలిగినవాళ్ళు ఊరికి ఇద్దరు తయారైనా చాలు. మీ ఊళ్ళో ఉన్న కేంద్రానికి ఫోన్ చేసి, తెలుగు వచ్చిన వలంటీరు కావాలా అని అడిగి చూడండి. సాయం కావలసినవాళ్ళు వింటుంటే, దేశమంతటా పనిచేసే నంబరు 800-656-4673. రాసుకోండి, పక్కవాళ్ళకి కూడా చెప్పండి.

ఉంటాను. సెలవు.